కొండోరను “ఎందుకు” అని అడగొద్దు

కస్తెరాస్ ఊళ్లో కొండోర ఎదుట “ఎందుకు” అన్న మాట ఎవరూ వాడరు. పులుసు పల్చగా ఎందుకుందని అడిగినా, తలుపు కిర్రుమంటోందెందుకని అడిగినా ఒకటే. ఆమె గరిటె పక్కన పెట్టి, నడుం మీద చెయ్యి వేసుకుని, ఫ్రాన్సు రాజుకూ ఇంగ్లండు రాజుకూ యుద్ధం ఎందుకొచ్చిందో మొదటి నుంచీ చెప్తుంది. తలుపు కిర్రుమనడానికి కారణం తలుపు బందు దగ్గర లేదు, పారిస్‌లో ఉంది. పారిస్ వెళ్లి తిరిగి రావడానికి ఒక పూట పడుతుంది. ఈలోగా అడిగినవాడు తలుపు సంగతి మరిచిపోతాడు. కొందరు తాము ఏ పని మీద వచ్చారో కూడా మరిచిపోయి ఇంటికెళ్లిపోతారు.

నది ఒడ్డున ఊరి గుమ్మం పక్కనే ఆమె పూటకూళ్ల ఇల్లు. తండ్రి నుంచి వచ్చింది. నదికి ఇవతలి ఒడ్డు ఇంగ్లండు రాజుది, అవతలి ఒడ్డు ఫ్రాన్సు రాజుది. చేపలు మాత్రం ఎటు బుద్ధి పుడితే అటు ఈదుతాయి. యుద్ధం మొదలైనప్పుడు కొండోర ఉయ్యాల్లో ఉంది. ఇప్పుడు తల నెరిసింది. యుద్ధానికి మాత్రం ఇంకా వయసు మళ్లలేదు.

ఆమె మొగుడు విదో పీపాలు చేసేవాడు. పెళ్లికి ముందు ఒక వానరోజున ఆ ఇంటికి కొత్త పీపాలు దించడానికి వచ్చి, పాతవాటిని చూసి, “ఇవెందుకింత కారుతున్నాయి?” అని అడిగాడు. ఊరికి కొత్త, పాపం. మంచి ఓకు చెక్కంతా ఓడలకు పోతోందని మొదలుపెట్టి, ఓడలెందుకో, ఆ సముద్రం మీద ఎవరి పెత్తనమో, అంతా చెప్పింది కొండోర. బయట వాన. లోపల విదో కదలకుండా, రెప్ప వాల్చకుండా కూర్చుని చివరిదాకా విన్నాడు. అంత శ్రద్ధగా విన్న మగవాణ్ని ఆమె అంతవరకూ చూడలేదు. ద్రాక్ష కోతలు కాగానే పెళ్లయిపోయింది. విదోకు కళ్లు తెరుచుకుని నిద్రపోవడం వచ్చు. సన్యాసుల మఠంలో పనిచేసే రోజుల్లో, పొద్దున్నే జరిగే ప్రార్థనల్లో అలవాటైన విద్య అది. ఆ సంగతి ఆయన ఆమెకు ఇంతవరకూ చెప్పలేదు.

ఉత్త నోటితో చెప్తే అంత ప్రమాదం ఉండేది కాదు. ఎదుటివాడి భోజనంతో చెప్పేది. ముందున్న రొట్టె చటుక్కున తీసి బల్ల మధ్య పెట్టేది.

“ఇదిగో, ఇది మన గాస్కనీ. ఈ రొట్టె ఇంగ్లండు రాజుది. వాళ్ల ముత్తవ్వ పుట్టింటి నుంచి తెచ్చుకున్నది. కానీ బల్ల ఎవరిది? ఫ్రాన్సు రాజుది. నా బల్ల మీద రొట్టె పెట్టుకోవాలంటే నా ముందు మోకాళ్ల మీద కూర్చో అంటాడు బల్లవాడు. రొట్టెవాడూ కిరీటం పెట్టుకున్నవాడే. కూర్చుంటాడా?”

“కూర్చోడమ్మా,” అనేవాడు ఆకలిగొన్నవాడు, రొట్టె వైపు చూస్తూ.

“కూర్చోడు. ఒకసారి కూర్చున్నాడు, సగం వంగాడు, అదీ ఏడుపు మొహంతో. ఇక జున్ను తియ్యి. ఇది ఫ్లాండర్స్. ఇక్కడ ఇంటింటికీ మగ్గం. ఉన్ని మాత్రం ఇంగ్లండు గొర్రెల మీద ఉంది. ఆ ఊళ్ల దొర ఫ్రాన్సు వైపు, నేతగాళ్ల కడుపు ఇంగ్లండు వైపు. ఇంగ్లండు రాజు ఉన్ని ఆపేశాడు. మగ్గాలు ఆగాయి, పొయ్యిలు ఆరాయి. ఆరిన పొయ్యి ముందు కూర్చున్నవాడు ఎవరి జెండా ఇచ్చినా పట్టుకుంటాడు. అవునా?”

ఒకసారి దూరపు పుణ్యక్షేత్రానికి కాలినడకన పోతున్న యాత్రికుడొకడు దిగాడు. పొద్దుటి నుంచి ఏమీ తినలేదు. కొండోర వంటింటివైపు తిరిగి ఓడల కథ చెప్తుండగా ఆగలేక జున్నుముక్క నోట్లో వేసుకున్నాడు. ఆమె తిరిగి చూసింది.

“ఫ్లాండర్స్ ఏదయ్యా?”

“తినేశానమ్మా. ఆకలేసింది.”

“ఫ్రాన్సు రాజూ ఇదే మాటన్నాడు,” అంది కొండోర. జాలిపడి ఇంకో ఫ్లాండర్స్ కోసి ఇచ్చింది గానీ, కథ మళ్లీ మొదటి నుంచి చెప్పింది.

వారసత్వం దగ్గరికి వచ్చేసరికి ఆమె గొంతు పెరిగేది. ఫ్రాన్సు పాత రాజు కొడుకులు ముగ్గురూ ఒకరి తర్వాత ఒకరు గద్దెనెక్కి, మగపిల్లలు లేకుండానే పోయారు. చివరివాడి మేనల్లుడే ఇంగ్లండు రాజు. అక్కచెల్లెళ్ల కొడుక్కి కిరీటమేమిటి, ఆడదాని వైపు నుంచి రాజ్యం రాదు అని పారిస్ పెద్దలు పినతండ్రి కొడుకును తెచ్చి కూర్చోబెట్టారు.

“ఆడదాని చేతి నుంచి రాదా?” అని కొండోర గరిటె ఎత్తేది. “ఈ ఇల్లు నాకు మా నాన్న దగ్గర్నుంచి రాలేదూ? పులుసు పాడైందా? చెప్పండి, పాడైందా?”

గరిటె ఆ ఎత్తులో ఉండగా పులుసు గురించి చెడ్డమాట ఎవరంటారు?

పాదిరీ అమానియూ మంచివాడు, ఓపికున్నవాడు. ఆయన ఓపిక కూడా ఆమె పాపాలు ఒప్పుకునే రోజున హరించుకుపోయేది.

“కోపం తెచ్చుకున్నాను, స్వామీ,” అనేది ఆమె.

“సరే, తల్లీ. ఇంకా?”

“కోపం ఎందుకొచ్చిందంటే ఉప్పు దొరకలేదు. ఉప్పు ఎందుకు దొరకలేదంటే…”

“వద్దు తల్లీ. పాపం చాలు, కారణం అక్కర్లేదు.”

“కారణం లేకుండా పాపం ఎక్కడిది స్వామీ?”

పాదిరీగారు నిట్టూర్చి, ఆమెను యుద్ధంతో సహా క్షమించి పంపేసేవాడు.

ఇంగ్లండు పక్షపు దళపతి ఒకడు మనుషుల్ని వెంటేసుకుని ద్రాక్షసారా పీపాలు ఎత్తుకుపోవడానికి వచ్చిన రోజున విదో పీపాల వెనక్కి తప్పుకున్నాడు. కొండోర మాత్రం చేతులు తుడుచుకుంటూ వచ్చి, “యుద్ధం ఎందుకొచ్చిందో తెలుసా, నాయనా?” అంది.

“రాజుగారు రమ్మన్నారు, వచ్చాం,” అన్నాడు దళపతి.

“అలా కాదు, కూర్చో. ఇంగ్లండులో ద్రాక్ష పండదు. మనకు తిండిగింజలు చాలవు. మన పీపాలు అటు పోతాయి, వాళ్ల గింజలు ఇటొస్తాయి. ఆ పీపాల మీద సుంకం మీ రాజుకు బంగారం. అది చూసి ఫ్రాన్సు రాజుకు నిద్రపట్టదు. ఇప్పుడు నువ్వు ఆ పీపాలే ఎత్తుకుపోతానంటున్నావు. మీ రాజు ఏ సుంకం కోసం కొట్లాడుతున్నాడో అదే తాగేస్తే ఎట్లా?”

దళపతి దీనికి సిద్ధపడి రాలేదు. కూర్చున్నాడు. కాసేపటికి వెంట వచ్చినవాళ్లూ కూర్చున్నారు. చివర్లో ఆమె, “రేపు యుద్ధం ఆగిందనుకో, నువ్వేం చేస్తావు?” అని అడిగింది. అతను, “మా నాన్న తేనెటీగలు పెంచేవాడు. నాకది రాదు. ఇది తప్ప ఏదీ రాదు,” అన్నాడు. రెండు పీపాలతో సరిపెట్టుకుని, గుమ్మం దగ్గర తలవంచి మరీ వెళ్లాడు.

ఆ రోజు నుంచి ఆమె కారణాల్లో మరొకటి చేరింది: యుద్ధం ఆగితే ఏం చెయ్యాలో తెలియని మగవాళ్లు. “ఇది అన్నిటికంటే మొండి కారణం,” అనేది.

ఇలా ఏళ్లు గడిచాయి. విదో తన భార్యకున్నది మాటల జబ్బనీ, దాన్ని ఓపికతో భరించడమే మొగుడి ధర్మమనీ అనుకుంటూ వచ్చాడు. ఫోర్తనేర్ తిరిగొచ్చిన రోజుదాకా ఆయనకు ఇంకో అనుమానం రాలేదు.

అంతకు ముందు ఒక ఏడాది శరదృతువులో అవతలి ఒడ్డు దండు నది దాటి వచ్చి ఊరి పిండిమరను తగలబెట్టింది. నదిలో ఎక్కడ లోతు తక్కువో ఊరివాళ్లకే తెలుసు. దండు సరిగ్గా అక్కడే దాటింది. అంతకు మునుపటి చలికాలంలో జీను కుట్టే ఫోర్తనేర్ తిండికి లేక అవతలి ఒడ్డుకు పోయి, ఆ దండు గుర్రాల దగ్గర పనికి కుదిరాడు. ఇక ఎవరికీ ఏదీ చెప్పనక్కర్లేకపోయింది. మర లేక ఊరు నానా అవస్థలు పడింది. ఆడవాళ్లు చేత్తో విసురుకుని విసురుకుని భుజాలు పోగొట్టుకున్నారు. విసిరినంతసేపూ ఫోర్తనేర్‌ను తిట్టుకున్నారు.

మర కాలాక ఒక వసంతంలో రాజులిద్దరూ సంధి చేసుకున్నారన్న కబురొచ్చింది. దాని వెనకే, సంతరోజు పొద్దున, కర్ర ఊతంగా కుంటుకుంటూ ఫోర్తనేర్ ఊరి గుమ్మంలోకి వచ్చాడు. ఏదో గుర్రం తన్ని కాలు విరగ్గొట్టింది. దండు వదిలేసిపోయింది. పోవడానికి ఇంకో ఊరు లేదు.

సంతంతా లేచింది. అందరికీ ముందు మర యజమాని మెనో. మనిషి ఎద్దంత ఉంటాడు, చేతిలో గునపం. పాదిరీ అమానియూ చేతులు అడ్డం పెట్టుకుంటూ వెనక్కి నడుస్తున్నాడు, ఆయన్ను ఎవరూ చూడటం లేదు. ఫోర్తనేర్ కాలు తడబడి పూటకూళ్ల ఇంటి గుమ్మం మీద పడ్డాడు. కొండోర తలుపు తీసింది. కింద పడున్నవాణ్ని చూసింది, గునపాన్ని చూసింది.

“లోపలికి రండి,” అంది.

“వీణ్ని బయటికి పంపు, అక్కా,” అన్నాడు మెనో.

“పంపుతాను. వెల్లుల్లి పులుసు దించాను, తాగి కొట్టండి. పరగడుపున ఒకణ్ని కొడితే కడుపునొప్పి వస్తుంది.”

జనం ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. పులుసు వాసన అప్పటికే సంత మధ్యదాకా వచ్చింది. పైగా ఆమె గడప మీద కొట్లాట పెట్టుకున్నవాడికి జీవితంలో మళ్లీ ఆ పులుసు దొరకదని అందరికీ తెలుసు. గొణుక్కుంటూ లోపలికి వచ్చి బల్లల మీద కూర్చున్నారు. గిన్నె అందుకోవడానికి మెనో గునపం గోడకు ఆనించాడు. విదో దాన్ని మెల్లగా తీసి ఖాళీ పీపాలో దించి మూత పెట్టాడు.

అప్పుడు కొండోర బల్లల మధ్యలో నిలబడి తన ఎదుట ఎవరూ అడగని ప్రశ్న తనే అడిగింది.

“మెనో, నీ మర ఎందుకు కాలింది?”

మూల నుంచి ఎవరో “అయిపోయాం” అన్నారు.

“వీడు దారి చూపించాడు గనక,” అన్నాడు మెనో.

“ఆ దండెందుకొచ్చింది?”

“దోచుకోవడానికి.”

“ఎందుకు?”

“జీతాలు అందక,” అన్నాడు వెనక నుంచి చెప్పులు కుట్టేవాడు. ఇన్నేళ్లుగా విన్నదే కదా.

“ఎందుకందలేదు?”

“రాజుల పెట్టెలు ఖాళీ అయి,” అన్నారు ఇద్దరు ముగ్గురు.

“మనల్ని ఏలడానికొచ్చిన ఇంగ్లండు రాజకుమారుడి పెట్టె ఖాళీ అయితే ఏం చేశాడు?”

“పొయ్యి పన్ను వేశాడు. ఇంట్లో పొయ్యి ఉంటే పన్ను.”

“దాని మీద మన దొరలు?”

“పారిస్ వెళ్లి ఫ్రాన్సు రాజుకు మొరపెట్టుకున్నారు,” అంది గుంపు ఒక్క గొంతుతో. “ఆగిన యుద్ధం మళ్లీ అంటుకుంది.”

“ఆ పన్ను వేసింది ఫోర్తనేరా?”

“కాదు.”

“ఫ్లాండర్స్ మగ్గాలకు ఉన్ని ఆపింది?”

“వాడు కాదు.”

“మేనల్లుడికి కిరీటం రాదన్నది?”

“పారిస్ పెద్దలు. అక్కా, మోకాళ్ల మీద కూర్చోవడం మరిచిపోయావు,” అంది చేపలమ్మే ఆవిడ, కాస్త కోపంగా. “అది ముందు రావాలి.”

“అవును, అది ముందు,” అన్నారు మరికొందరు. పాదిరీ అమానియూ సైతం తల ఊపాడు. ఎవరో నవ్వారు. నవ్వకూడదనుకున్నవాళ్లూ గిన్నెల్లోకి నవ్వారు.

మెనో నవ్వలేదు. గిన్నె కింద పెట్టాడు. “అదంతా సరే, అక్కా. రాజులు చేసింది రాజులు చేశారు. దారి మాత్రం వీడే చూపించాడు. నా మర రాజులకు తెలియదు. వీడికి తెలుసు.”

కొండోర నోరు తెరిచి, మూసుకుంది. ఆమె దగ్గర జవాబు లేకపోవడం విదో మొదటిసారి చూశాడు. ఆయనకు భయమేసింది.

గోడవార కూర్చున్న ఫోర్తనేర్ తలెత్తాడు. “అవును. నేనే చూపించాను. కత్తి మెడమీద పెట్టారని చెప్దామనుకుంటూ వచ్చాను దారంతా. పెట్టలేదు. ఎక్కడ దాటొచ్చురా అన్నారు, అడిగిన వెంటనే చెప్పేశాను. భయమేసింది. అంతే.”

కొండోర తనలో తాను అనుకుంటున్నట్టు, “భయం,” అంది. “ఇన్నాళ్లూ చెప్పానే, ఇది నా కారణాల్లో ఎక్కడా లేదు.”

మెనో గిన్నెలోకి చూస్తున్నాడు. చూసి చూసి, “ఆ రోజు నేను మరకు ఎదురుగానే ఉన్నాను,” అన్నాడు. “పరిగెత్తిపోయి తూము ఎత్తితే నీళ్లొచ్చి సగమైనా ఆరేది. వెళ్లలేదు. కోళ్లగూట్లో దాక్కున్నాను.”

“కోళ్లగూట్లోనా?” అంది చేపలావిడ. అతన్ని పైనుంచి కిందిదాకా చూసింది. “నువ్వు పట్టావా?”

“సగం పట్టాను.”

“ఏ సగం?”

ఇక ఎవరూ ఆపుకోలేకపోయారు. బల్లలు కదిలాయి, పులుసు ఒలికింది. మెనో చెవులు ఎర్రబడ్డాయి, తర్వాత అతని భుజాలూ ఊగడం మొదలుపెట్టాయి. గోడవార ఫోర్తనేర్ నవ్వాలో వద్దో తెలియక కర్ర రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాడు.

నవ్వు సద్దుమణిగాక మెనో అతని వైపు తిరిగాడు. “మర కట్టాలంటే మోసేవాళ్లు కావాలి. కుంటివాడివి నువ్వేం మోస్తావు?”

“మొయ్యలేను. కూర్చుని రాయి చెక్కుతాను.”

“రేపు పొద్దున్నే రా. ఆలస్యమైతే గునపం… నా గునపమేదీ?”

“ఏ గునపం?” అన్నాడు విదో.

మర్నాడు పొద్దున కొండోర క్యాబేజీ తరుగుతోంది. విదో ఎదురుగా కూర్చున్నాడు. పెళ్లయ్యాక మొదటిసారి, ఏమైతే అయిందని, అడిగేశాడు.

“ఏమే, ఇదంతా అందరికీ ఎందుకు చెప్తావు నువ్వు?”

కొండోర కత్తి ఆపింది. పారిస్ బయల్దేరుతుందేమోనని ఆయన నడుం సరిచేసుకున్నాడు. ఆమె అంత దూరం వెళ్లలేదు.

“నా చిన్నప్పుడు దండొచ్చి ఊరి ద్రాక్షతోటలు నరికేసింది. మా మేనమామ వాళ్లకు గడ్డి అమ్మాడు. అమ్మకపోతే ఊరికే ఎత్తుకుపోయేవాళ్లు. దండు పోయాక ఈ వీధంతా కలిసి మామయ్యను చలికాలంలో ఊరి బయటికి గెంటేసింది. మళ్లీ కబురు తెలియలేదు. గెంటినవాళ్లు చెడ్డవాళ్లు కాదయ్యా. కొందరు ఇప్పటికీ మన దగ్గర పులుసు తాగుతారు. కోపం ఎక్కడ దించుకోవాలో తెలియక పక్కింటి గుమ్మంలో దించారు.” మళ్లీ తరగడం మొదలుపెట్టింది. “అప్పుడనుకున్నాను, జనానికి తిట్టుకోవడానికి ఎవరో ఒకరు కావాలి, ఆ ఎవరో దూరంగా ఉండేవాళ్లయితే మంచిదని. రాజుల కోటగోడలు బారెడు మందం. మనం ఎంత తిట్టినా లోపలికి వినపడదు. పక్కింటి గోడ చూడు, ఎంత పల్చనో.”

విదో కళ్లు తెరిచే ఉన్నాయి, ఈసారి నిద్రలో మాత్రం లేడు.

“ఈ సంగతి ముందే చెప్పొచ్చుగా?”

“నువ్వెప్పుడైనా అడిగావా?”

ఆయన లేచి దొడ్లోకి వెళ్లాడు. మంచి పీపాకోసమని ఏళ్ల తరబడి ఆరబెట్టి దాచుకున్న ఓకు చెక్కలున్నాయి. వాటిని బండిలో వేసుకుని మర దగ్గరికి తోలుకుపోయాడు. నీటిచక్రం రెక్కలకు పనికొచ్చాయి.

గోధుమ కోతల నాటికి చక్రం బిగించారు. ఊరంతా చూడటానికి వచ్చింది. తూము ఎత్తే ముందు మెనోకూ ఫోర్తనేర్‌కూ పేచీ వచ్చింది. పైరాయి మరీ కిందికి దిగిందని ఒకడు, దిగలేదని ఒకడు. “రాయి చెక్కింది నేను,” అని ఫోర్తనేర్, “పిండి తినేది ఊరు,” అని మెనో. అరుపులు నదికి అవతలి ఒడ్డుదాకా వినపడుతున్నాయి. అక్కడి వాళ్లు కూడా పని ఆపి చూస్తున్నారు. పాదిరీ అమానియూ దీవెన నీళ్లు పట్టుకుని ఎండలో నిలబడిపోయాడు.

జనమంతా కొండోర వైపు తిరిగారు. ఉన్నితో మొదలుపెడుతుందా, మోకాళ్లతోనా అని చూస్తున్నారు. కొందరు నీడ చూసుకుని ముందే కూర్చున్నారు.

“చెప్పక్కా,” అంది చేపలావిడ. “వీళ్లెందుకిలా కొట్లాడుకుంటున్నారు?”

కొండోర ఇద్దర్నీ కాసేపు పరకాయించి చూసింది.

“ఎందుకేమిటి? ఇద్దరూ మొండివాళ్లు,” అంది. “దీనికీ యుద్ధానికీ ఏం సంబంధం లేదు.”

ఆ మాటకు మెనో, ఫోర్తనేర్ ఇద్దరూ అరవడం ఆపి ఆమె వైపు తిరిగారు. విదో ముందుకు వెళ్లి తూము ఎత్తాడు.